తాగనివాడి తూలుడు

"ఆఖరుసారి అడుగుతాండా కేశవా. ప్రమాణం చేస్తావా, చెయ్యవా?"

"చెయ్యను."

"చెయ్యకపోతే తాగినట్టే."

"తాగలేదని నిన్న చెప్పినా, ఇప్పుడూ చెప్తాండా. నా నోటిమాట చెల్లకపోతే, కర్పూరం ఆర్పినంత మాత్రాన చెల్లుతాదా అన్నా?"

అన్న లక్ష్మీనారాయణ చేతిలో పళ్ళెం ఉంది, పళ్ళెంలో కర్పూరం బిళ్ళ ఉంది. తమ్ముడు చెన్నకేశవులు రాతిపొడి పేరుకున్న అరుగు మీద గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. లేచి నిలబడి మాట్లాడాలని అతనికీ ఉంది. కానీ నిలబడితే తూలుతానేమోనని భయం. తూలితే ఇక ప్రమాణంతో పని కూడా ఉండదు.

ఇద్దరి మధ్యా గోనెపట్టా కప్పుకుని చౌడమ్మ పడుకొని ఉంది. సంజామల దగ్గరి పల్లెవాళ్ళు చేయించుకుంటున్న విగ్రహం అది. కండ్లు తెరవడం ఒక్కటే మిగిలిందనగా, నిన్న సాయంత్రం చెన్నకేశవులు పని మధ్యలో లేచాడు, గిర్రున తిరిగాడు, పట్టుకోవడానికి ఏమీ దొరక్క అమ్మవారినే పట్టుకున్నాడు. చేతిలోని సుత్తి తగిలి అమ్మవారి చిటికెనవేలు విరిగింది. ఆ తర్వాత అతను పక్కనే కూలబడి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు.

తూలాడు, కక్కాడు, చేతిలో పని పాడుచేసుకున్నాడు. లోకానికి ఇంకేం కావాలి? మద్యనిషేధం వచ్చి ఏళ్ళు గడిచినా సారాయి దొరకని సందు ఆళ్లగడ్డలో లేదని పోలీసులకు తప్ప అందరికీ తెలుసు. చూసినవాళ్ళు నలుగురైతే తెల్లారేసరికి చెప్పేవాళ్ళు నలభైమంది అయ్యారు.

"వేలు విరిగిన అమ్మకు పూజ లేదు," అన్నాడు లక్ష్మీనారాయణ. "తీసకపోయి నీళ్ళలో కలపాల్సిందే. ఇన్నినెల్ల పని."

"నాకు తెల్దా? విరగ్గొట్టింది నేనే గదా."

"తెలిసే తాగినావా మరి?"

"అన్నా!"

ఆ కేకకు లోపలినుంచి తల్లి అనసూయమ్మ వచ్చింది. ఆమెకు పెద్దకొడుకంటే భయం, చిన్నకొడుకంటే ప్రాణం. అందుకని రాత్రంతా ఆలోచించి ఇద్దరికీ సరిపోయే న్యాయం ఒకటి వండుకొచ్చింది.

"కేశవా, ఒప్పుకో నాయనా. తాగినా అనేసెయ్. మొగోళ్ళు తాగరా? మీ నాయన తాగలా? ఈ అమ్మను చేయించుకుంటాండే శాంతయ్య బేస్తారం వస్తాడంట. ఆయన ముందర తులసిమాల ఏసుకుని, తప్పయింది, ఇంక ముట్టనంటే అయిపాయ. మీ యన్న నీ ఉలి నీకిస్తాడు. ఏమప్పా, ఇస్తావు గదా?"

"ఇస్తా. మాల ఏసుకున్నోనికి ఇస్తా. ఒట్టిగా ఇయ్యను."

"చేయని తప్పు ఎట్ల ఒప్పుకునేది అమ్మా?"

"ఒప్పుకుంటే ఏం పోతాది రా?"

"చేయలేదనేది పోతాది."

లక్ష్మీనారాయణ పళ్ళెం అరుగు మీద పెట్టాడు. నిన్న తమ్ముడి దగ్గర లాక్కుని గోడకు తగిలించిన ఉలుల సంచి తీశాడు. అది వాళ్ళ నాయన చేతి సంచి. చెన్నకేశవులు చేయి చాచాడు గానీ లేవలేకపోయాడు. అన్న ఆ సంచిని లోపల పెట్టెలో వేసి తాళం తిప్పి వచ్చాడు.

"కొత్త రాయి బండెక్కింది. ఈ తూరి తెల్లారుజామునే నేనే పోయి ఎంచినా," అన్నాడు.

ఆ మాట సుత్తిదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఈ ఇంట్లో రాయి ఎంచేది చెన్నకేశవులు. క్వారీలో బండను సుత్తితో తట్టి, చెవి ఒగ్గి, మంచిరాయి గంటలా మోగుతుంది, లోపల చీలిక ఉంటే పగిలిన కుండలా దద్దగా పలుకుతుంది, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పడం నాయన చిన్నకొడుక్కే నేర్పాడు. పెద్దకొడుకు పక్కన నిలబడి చూశాడు. ఆ పక్కన నిలబడటం లక్ష్మీనారాయణ ఈనాటికీ మరిచిపోలేదు.

"నువ్వు ఎంచినావా?" అన్నాడు చెన్నకేశవులు.

"ఏం, నాకు చెవుల్లేవా?"

చెవుల మాట వచ్చేసరికి చెన్నకేశవులు మొహం పాలిపోయింది. అన్న అది చూసి, తాగిన గుట్టు బయటపడ్డందుకేనని అనుకున్నాడు.

*

మధ్యాహ్నం సరస్వతమ్మ మొగుడు చెన్నకేశవులుకు సంగటి పెట్టి ఎడమపక్కన కూర్చుంది. పెండ్లిపీటల మీద ఎడమపక్కన కూర్చోబెట్టినప్పటినుంచీ ఆమె చోటు అదే.

"ఈ తల తిరుగుడు ఎప్పటినుంచి ఉందో నిజం చెప్పు," అంది.

అతను పలకలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. ఏడాదిగా ఇంతే. తను మాట్లాడుతుంది, ఆయన గోడవైపు చూస్తాడు. పోయిన పండక్కి కోక తేలేదని తను ఒక మాట అన్నందుకు ఇంకా అలిగే ఉన్నాడని ఆమె నమ్మకం.

"సరే. రేపు మా పుట్టింటికి పోతాండా. మళ్ళా రాను."

అతను ముద్ద పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"పోతా పోతా మీ యమ్మ కడియాలు గూడ ఎత్తకపోతా."

"పప్పులో ఉప్పు సాల్లే," అన్నాడు అతను.

సరస్వతమ్మ మొగుని మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు, అలక లేదు. ఆకలిగొన్న మనిషి మొహం, అంతే. ఆమె లేచి, చుట్టూ తిరిగి వచ్చి, కుడిపక్కన కూర్చుంది. అదే గొంతుతో అవే మాటలు అంది.

చెన్నకేశవులుకు పొరబోయింది. "ఏందీ? యాడికి పోతావ్? కడియాలేంది?"

ఆమె నీళ్ళచెంబు అందించింది. అతను తాగేదాకా ఆగింది.

"ఎడంచెవి ఎప్పుడు పోయింది?"

అతను చెంబు కింద పెట్టాడు.

"పోయినేడు జాతరకాడినుంచి," అన్నాడు చివరికి. "తుమ్మెద దూరినట్టు లోపల ఒకటే మోత. ఆ మోత ఎచ్చినప్పుడు ఇల్లు తిరుగుతాది. నేను గాదు సరసూ తిరిగేది. దూలం తిరుగుతాది, గోడ తిరుగుతాది. నేను కండ్లు మూసుకున్నా అవి తిరగడం మానవు. ఒక జాముకు అదే నిమ్మళిస్తాది."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే? చిన్నాయన ఏమైనాడు?"

ఆ ఇంటి కట్టడి ఆమెకు తెలుసు. ఒంట్లో ఒక లోపం ఉన్నవాడు దేవుని ఒంటి మీద ఉలి పెట్టకూడదు. రాతిచెక్క ఎగిరి కన్ను పోయిన చిన్నాయన, ఊళ్ళో అందరికంటే మంచి పనివాడు, ఆ రోజునుంచి చచ్చిపోయేదాకా రోళ్ళూ సన్నికల్లూ కొట్టుకుంటూ బతికాడు. పండగనాడు కూడా విగ్రహాల సావిట్లోకి అడుగు పెట్టలేదు.

"అలిగినావనుకుంటి," అంది సరస్వతమ్మ. "ఏడాదినుంచి నేను ఎడంపక్క కూసోని ఏడుస్తాంటే, నీకు చీమకుట్టినట్టు గూడ లేకపాయెనే అనుకుంటి. నన్ను నేను ఎన్ని తిట్టుకుంటినో, నిన్ను ఎన్ని తిడితినో!"

"తిట్టినావా? ఎప్పుడు?" అని అతను నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"మంగళారం నంద్యాల పోతాండాం. మా వీధి రూతు ఆసుపత్రిలో నర్సుగా ఉంది. కర్నూలునుంచి చెవుల డాక్టరు వారానికొకసారి వస్తాడని పోయినసారి చెప్పింది."

"చెవి అని తెలిస్తే నా పని అయిపాయ."

"తెలియకపోతే మాత్రం? తాగుబోతు పెండ్లామని నన్నంటాండారు. ఆ మాట పడేది నాకు అయ్యేపని కాదు. ఏందో తెలుసుకునే వస్తాం."

*

కర్నూలునుంచి రాజధాని హైదరాబాదుకు పోయి రెండేండ్లయినా నంద్యాల బస్సులో రద్దీ తగ్గలేదు. బస్సు ఎక్కేటప్పుడు మెట్టు మీద చెన్నకేశవులు కాలు తడబడింది. కండక్టరు ముక్కు దగ్గర చేయి ఆడించుకున్నాడు.

"తాగినోళ్ళను ఎక్కించుకోం. దిగప్పా."

"వాసన సూడు," అంది సరస్వతమ్మ. "ఈడ్నే, అందరి ముందరా సూడు. వాసనొస్తే మేమే దిగుతాం. రాకపోతే ఆ మాట ఎనక్కి తీసుకో."

కండక్టరు వాసన చూడలేదు, మాట వెనక్కి తీసుకోలేదు. ఈల వేసి వెనక్కి పోయాడు. నంద్యాల దాకా వాళ్ళ పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. కిటికీ చువ్వ పట్టుకుని చెన్నకేశవులు దారిపొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఆసుపత్రిలో రూతు వాళ్ళను వరండాలోంచి తిన్నగా లోపలికి తీసుకుపోయింది. డాక్టరు పేరు సామ్యేలు. సన్నగా, నెత్తి మీద నాలుగు వెంట్రుకలతో, ఎవరో తొందరపెడుతున్నట్టు మాట్లాడే మనిషి. ఆయన మొదట అడిగింది తాగుడు సంగతి కాదు. దానికే చెన్నకేశవులుకు సగం ప్రాణం లేచి వచ్చింది.

"నీకు తల తిరుగుతుందా, లోకం తిరుగుతుందా?"

"లోకం సార్!"

"తిరగబోయే ముందు చెవిలో ఏమన్నా తెలుస్తుందా?"

"మోత ఎక్కువైతాది. చెవిలో దూది కుక్కినట్టుంటాది. ఆమీద తిరుగుతాది."

డాక్టరు బల్ల సొరుగులోంచి రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి తీశాడు. మోకాలికి కొట్టి, దాని కాడను చెన్నకేశవులు నుదుటి నడుమ ఆనించాడు. అది సన్నగా మోగుతూ ఉంది.

"ఏ పక్క వినబడుతోంది?"

"కుడిపక్క. మంచి మోత సార్. దీంట్లో చీలిక లేదు."

రూతు నవ్వింది. డాక్టరు నవ్వలేదు. కడ్డీని ఒక చెవి దగ్గరా, ఇంకో చెవి దగ్గరా పెట్టి చూశాడు. తర్వాత అతన్ని మంచం మీద పడుకోమని, గాజు పిచికారీతో చల్లని నీళ్ళు కుడిచెవిలోకి కొట్టాడు.

కొంచెంసేపు ఏమీ లేదు. ఆ తర్వాత చెన్నకేశవులు రెండు చేతులా మంచం పట్టె పట్టుకున్నాడు. కప్పు తిరిగింది, కిటికీ తిరిగింది, డాక్టరు తిరిగాడు.

"ఇదేనా నీకొచ్చేది?"

"ఇదే సార్! ఇదే!" అని అరిచాడతను. కడుపులో దేవుతూ ఉంటే, కళ్ళనీళ్ళు కారుతూ ఉంటే, పెండ్లాన్ని పిలిచాడు. "సరసూ, సూస్తాండావా? నోట్లో పోయలా, చెవిలో పోసినారు! ఒట్టి నీళ్ళు! నీళ్ళకే తిరిగింది!"

జబ్బు తెలిసినందుకు ఇంత సంబరపడిన మనిషిని రూతు ఎన్నడూ చూడలేదు.

తిరుగుడు తగ్గాక ఎడమచెవిలోనూ నీళ్ళు కొట్టారు. అప్పుడు అంతగా తిరగలేదు. చెన్నకేశవులు సంతోషపడబోయాడు గానీ డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"మంచి చెవికి చల్లనీళ్ళు తగిలితే ఎవరికైనా తిరుగుతుంది. నాకైనా అంతే. తిరగలేదంటే ఆ చెవి దెబ్బతిన్నదని. పైచెవి కాదు, లోపలి చెవి. నత్తగుల్ల అంత ఉంటుంది. మనం వినేదీ దానితోనే, పడకుండా నిలబడేదీ దానితోనే. నీకు అందులో నీటి ఒత్తిడి పెరుగుతోంది. పెరిగినప్పుడల్లా మోత, తిరుగుడు, వాంతి."

"గాలీ ధూళీ ఏమీ కాదు గదా సార్?" అంది సరస్వతమ్మ.

"కాదమ్మా. గాలి కాదు, పైత్యం కాదు, తాగుడు అసలే కాదు."

"మందు?"

"పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఉందని చెబితే అబద్ధమవుతుంది. మాత్రలు రాసిస్తాను. ఉప్పు బాగా తగ్గించాలి, ఊరగాయ మానెయ్యాలి. మోత పెరగడం మొదలుకాగానే చేతిలో ఏమున్నా కింద పెట్టి కూర్చో. ఒకచోటనే చూపు నిలుపు. అది వస్తుంది, పోతుంది. చంపదు."

"ఎడంచెవి మళ్ళా వినపడతాదా సార్?"

డాక్టరు తొందరగా మాట్లాడే మనిషి గదా, ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నిదానించాడు.

"ఆశ పెట్టుకోవద్దు," అన్నాడు.

*

బస్టాండులో చెట్టునీడన రాతిబల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. రూతు ఇచ్చిన అరటిపండ్లు మధ్యలో ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

"ఉప్పు మానెయ్యాలంట," అంది సరస్వతమ్మ. "ఉప్పూ కారం తింటేనే మనిషికి రోషమంటారు. ఇంక నీకు రోషమెట్ల వస్తాదో!"

అతను నవ్వలేదు.

"సరసూ, నేను మాల ఏసుకుంటా."

"ఏందీ?"

"తాగినానంటా. మాల ఏసుకుంటా. తాగినోనికి మాలుంది, తప్పు దిద్దుకునే దోవ ఉంది. చెవి పోయినోనికి యా మాలా లేదు. ఉలి లేకుండా నేను బతకలేను. నిజం చెప్పి రోళ్ళు కొట్టుకునేదానికంటే, అబద్ధం చెప్పి అమ్మ కండ్లు తెరిసేది మేలు."

మొన్న కర్పూరం ఆర్పనన్న మనిషేనా ఇతను? సరస్వతమ్మకు మొదట కోపం వచ్చింది. తర్వాత అతని చేతులు చూసింది. ఉలి లేక ఆ వేళ్ళు ఊరికే ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. కోపం ఎటుపోయిందో పోయింది. ఆ చేతుల కోసం ఏ అబద్ధమైనా ఆడవచ్చుననిపించింది. అయినా ఆమె ఆ మాట అనలేదు.

"నీ ఇష్టం. ఉలి నీది, చెవి నీది," అంది. "ఒకటే అడుగుతా. మాల ఏసుకున్నాక మళ్ళా ఒకనాడు ఇల్లు తిరుగుతాది గదా? తిరగదని డాక్టరు చెప్పలేదే. ఆపొద్దు తూలితే ఏమంటారు? మాల ఏసుకోని గూడ తాగినాడంటారు. అప్పుడు యా మాల ఏసుకుంటావ్?"

అతను మాట్లాడలేదు. వినబడలేదేమో అని సరిపెట్టుకోవడానికి లేదు. ఆమె కుడిపక్కనే కూర్చుంది.

ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు ఆమె అతని మోచేయి పట్టుకుంది. నలుగురూ చూశారు. చూడనీ అనుకుంది.

*

బేస్తవారం పొద్దున్నే శాంతయ్య బండి వచ్చింది. వెంట పల్లెపెద్దలు ఇద్దరున్నారు. విరిగిన చౌడమ్మకు దండం పెట్టుకుని, గోనెపట్టా మళ్ళీ కప్పి, మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నారు. వాకిట్లో దుంగల మీద కొత్త రాయి ఉంది. లక్ష్మీనారాయణ ఎంచిన రాయి. నల్లగా, చూడముచ్చటగా ఉంది.

అనసూయమ్మ పళ్ళెంలో తులసిమాల పెట్టుకుని వచ్చింది. చిన్నకొడుకు మొహం చూసి ధైర్యం తెచ్చుకుంది. నంద్యాలకు పోయొచ్చినప్పటినుంచి అతను నోరెత్తలేదు. మెత్తబడ్డాడని ఆమె అనుకుంది.

"మా వాడు ఒక మాట చెప్తాడు శాంతయ్యప్పా," అన్నాడు లక్ష్మీనారాయణ.

చెన్నకేశవులు గోడకు ఒక చేయి ఆనించి లేచాడు. తల్లి మాల పైకెత్తింది.

"ఉండమ్మా," అన్నాడు. "శాంతయ్యప్పా, నేను తాగలే. ఎన్నడూ తాగలేదని కాదు, నా పెండ్లినాడు తాగినా, అది అందరికీ తెలుసు. అమ్మ వేలు ఇరిగిన పొద్దు మాత్రం తాగలే. నాకు ఎడంచెవి పోయింది. లోపలి చెవి. దాంతోనే తిరుగుడు. నంద్యాల్లో డాక్టరు చూసి చెప్పినాడు. ఇంక దాయను."

అనసూయమ్మ చేతిలోని మాల మెల్లగా పళ్ళెంలోకి దిగింది.

ముందు తేరుకున్నది లక్ష్మీనారాయణే. తమ్ముడి దగ్గరికి వచ్చి పళ్ళు బిగబట్టి గొణిగాడు. అది ఎడమచెవి కావడంతో చెన్నకేశవులు ఇటు తిరిగాడు.

"ఈపక్క చెప్పన్నా."

"బుద్ధుందా నీకు?" ఈసారి అందరికీ వినబడింది. "చెవి పోయినోడు ఎంచిన రాళ్ళని రేపు ఊరూరూ మన మీదికి వస్తాది. తాగినా అని ఒక మాటంటే పోయేదానికి, ఇంటి పేరంతా గంగలో కలిపితివే!"

"రానీ. నేను ఎంచిన రాయి యాడన్నా పగిలిందేమో సూపించమను. నాకు ఇంకో చెవి ఉంది."

శాంతయ్య గొంతు సవరించుకున్నాడు. "మీ ఇంటి తగువు మీరు చూసుకోండప్పా. మాఘమాసానికి మా యమ్మ లేచి నిలబడాల. నాకు కావాల్సింది అంతే. ఈ రాయి మంచిదేనా?"

"మంచిదే. నేనే ఎంచినా," అన్నాడు లక్ష్మీనారాయణ.

"నన్ను సూడనీ," అన్నాడు చెన్నకేశవులు.

"కట్టడి తెలుసు గదా? ఒంట్లో లోపమున్నోడు..."

"ఉలి పెట్టరాదని కట్టడి. చెవి పెట్టరాదని యా తాతా చెప్పలా."

శాంతయ్య తల ఊపాడు. సరస్వతమ్మ అప్పటికే సుత్తి తెచ్చి మొగుని చేతికిచ్చింది. బావ ఎదుట ఆమె ఎప్పుడూ అంత దూరం రాలేదు. ఎవరూ ఆమెను వారించలేదు.

అతను రాతి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెవి దగ్గరగా పెట్టి, తల వైపునుంచి తడుతూ వచ్చాడు. రాయి మోగింది. బాగా మోగింది. లక్ష్మీనారాయణ అరుగు మీదివాళ్ళ వైపు చూసి గడ్డం ఎత్తాడు. భుజాల దాకా మోగింది. నడుము దగ్గరికి వచ్చాక చెన్నకేశవులు ఆగాడు. మళ్ళీ తట్టాడు. అటుపక్క తట్టాడు, ఇటుపక్క తట్టాడు.

అంతలో ఎడమచెవిలో తుమ్మెద లేచింది.

అతను సుత్తి కింద పెట్టాడు. రెండు చేతులూ రాతి మీద ఆనించి, ఎదురుగా గడప మీది పసుపుబొట్టు ఒకటి చూసుకుని దాని మీదే చూపు నిలిపాడు. మొహమంతా చెమట పట్టింది.

"ఏమైంది నాయనా?" అంది తల్లి.

"వచ్చిందమ్మా. భయపడొద్దు. అందరూ బాగా సూడండి. మొన్న వచ్చింది ఇదే. పొద్దుననుంచి మీ కండ్ల ముందరే ఉండా. యాడ తాగినా, ఎప్పుడు తాగినా? అన్నా, ఇట్లరా. నా నోరు వాసన సూడు."

లక్ష్మీనారాయణ కదల్లేదు.

"రా అన్నా. ప్రమాణం అడిగినావు గదా, ఇదే నా ప్రమాణం. కర్పూరం అక్కర్లే."

పల్లెపెద్దలు చూస్తున్నారు. లక్ష్మీనారాయణ వచ్చి వంగాడు. తమ్ముడి నోటి దగ్గర ఆగాడు. లేచేటప్పుడు అతని మొహంలో మునుపటి బిగువు లేదు. ఏమీ అనలేదు. అనకపోవడమే శాంతయ్యకు చాలింది.

"రాయి సంగతి చెప్పు ఆచారీ," అన్నాడు శాంతయ్య.

"పనికిరాదు," అన్నాడు చెన్నకేశవులు పసుపుబొట్టు మీదినుంచి చూపు తిప్పకుండానే. "పైన గంట మోగినట్టు మోగుతాంది. నడుముకాడికొస్తే దద్ద పలుకుతాంది. లోపల చీలికుంది. ఈ రాయితో చేస్తే అమ్మ మీ ఊర్లో నిలబడి పగులుతాది."

"నీ చెవే దద్ద!" అని అరిచాడు లక్ష్మీనారాయణ. "రాయి కాదు, నీ చెవి!"

"కావచ్చు. తెలుసుకునేదానికి ఒకటే దోవ. నడుముకాడ పెద్దులి పెట్టి ఒక దెబ్బ కొట్టు. మంచి రాయైతే పైచెక్క లేస్తాది, అంతే. అప్పుడు అమ్మ చేతిలో మాల నేనే అడిగి ఏసుకుంటా. ఉలి ముట్టను, చచ్చేదాకా రోళ్ళు కొట్టుకుంటా. చీలికుంటే రాయి రెండవుతాది. అప్పుడు నా సంచి నాకియ్యి. అమ్మ కండ్లు నేనే తెరుస్తా."

అంత పందెం వద్దని సరస్వతమ్మకు అరవాలనిపించింది. అరవలేదు. వెళ్ళి మొగుని కుడిపక్కన నిలబడింది.

శాంతయ్య లేచి నిలబడ్డాడు. "కొట్టప్పా లక్ష్మీనారాయణా. తేలిపోతాది."

లక్ష్మీనారాయణ పెద్దులి తెచ్చాడు. రాతి నడుము మీద పెట్టాడు. సుత్తి ఎత్తాడు, దించాడు. ఉలి కొంచెం జరిపాడు. మళ్ళీ ఎత్తాడు. ఆ చేయి పైనే ఉండిపోయింది.

చిన్నవాడు ప్రమాణం చెయ్యనన్ననాడు, చెయ్యకపోతే తాగినట్టేనని అందరూ అనుకున్నది అనసూయమ్మకు గుర్తుంది. తనూ అదే అనుకుంది. ఇప్పుడు వెనకాడుతున్నది పెద్దవాడు. ఆమె పళ్ళెంలోని తులసిమాల తీసి వాకిట్లో తులసిచెట్టు మొదట్లో పెట్టింది. వచ్చి పెద్దకొడుకు ఎదుట నిలబడింది. పెద్దవాడికి బుద్ధి తెలిసినప్పటినుంచి ఆ తల్లి అతనితో అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

"కొట్టు నాయనా. ఏం, నీకూ తల తిరుగుతాందా?"